ప్రేమకథ వినాలంటే ముందు గొంతు చూసుకోండి

నా దగ్గర మగ్గం వర్క్ నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయి ఒకరోజు అడిగింది. "అక్కా, నేనూ నీలాగా ప్రేమకథలు విందామని ఫోన్లో వెతికితే వందల్లో వచ్చాయి, ఏది మొదలుపెట్టేది?" నేను కథ పేరు చెప్పలేదు. ఎవరు చదివారో చూసుకో, కథ సంగతి తర్వాత అన్నాను. ఆ పిల్లకి అప్పుడు అర్థం కాలేదు. రెండు వారాల తర్వాత వచ్చి "నాలుగు మొదలుపెట్టాను, మూడు సగంలో ఆపేశా, కథలు బాగానే ఉన్నాయి కానీ ఆ గొంతుల్ని భరించలేకపోయా" అంది. ఈ మాటలన్నీ ఆ అమ్మాయి కోసం, అలా మధ్యలో ఆగిపోయినవాళ్ల కోసం రాస్తున్నాను.

మాది కావలి. బ్లౌజులు కుడతాను, పెళ్లి ఆర్డర్లు వస్తే మగ్గం వర్క్ చేస్తాను. చేతులకు పని ఉంటుంది, చెవులు ఖాళీ. ఐదారేళ్లుగా రోజుకు మూడు గంటలకు తక్కువ కాకుండా ఆడియో పుస్తకాలు వింటున్నాను, అందులో ఎక్కువ ప్రేమకథలే. తెలుగువి వింటాను, ఇంగ్లీషువీ వింటాను. చెన్నైలో ఉద్యోగం చేసే మా చెల్లెలు అలవాటు చేసింది ఇంగ్లీషువి.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, మీరు వినేచోట చప్పుడెంత. చాలామంది దీన్ని పట్టించుకోరు. మోటార్ మిషన్ మీద కూర్చున్నప్పుడు మెత్తగా, గుసగుసగా చదివే గొంతు నాకు సగం వినపడదు. ప్రేమకథలో అసలు మాటలు వచ్చేది ఆ మెల్లటి చోటే. సౌండ్ పెంచితే తర్వాతి పోట్లాట సీన్లో చెవులు పగులుతాయి. అదే మగ్గం ఫ్రేమ్ ముందు ఆరి సూది పట్టుకుని కూర్చున్నప్పుడు గదంతా నిశ్శబ్దం, అప్పుడు ఆ గుసగుసే ప్రాణం. అందుకే నా ఫోన్లో ఎప్పుడూ రెండు పుస్తకాలు నడుస్తుంటాయి, మిషన్ పుస్తకం ఒకటి, మగ్గం పుస్తకం ఒకటి.

రెండోది, ఎంతసేపు. మామూలు వేగంతో చదివితే గంటకు తొమ్మిది వేల పైచిలుకు ఇంగ్లీషు మాటలు పడతాయి. తొంభై వేల మాటల నవల అంటే దగ్గరదగ్గర 10 గంటలు. పది గంటలు ఒక మనిషితో ఒకే గదిలో ఉన్నట్టు లెక్క. రెండు నిమిషాల శాంపిల్‌లో బాగుందనిపించిన గొంతు మూడో గంటకు విసుగు పుట్టించవచ్చు. ప్రతి వాక్యాన్నీ ఒకేలా సాగదీసి దించేవాళ్ల దగ్గర ముఖ్యంగా ఇలా జరుగుతుంది.

మూడోది మన తెలుగుకే ఉన్నది, నేను దీనికి మీరు-నువ్వు పరీక్ష అని పేరు పెట్టుకున్నాను. మన ప్రేమకథల్లో "మీరు" అని పిలిచే అమ్మాయి నోట్లోంచి మొదటిసారి "నువ్వు" వచ్చే చోటు ఒకటుంటుంది. రచయిత దానికోసం యాభై పేజీలు కష్టపడి ఉంటారు. చదివేవాళ్లు దాన్ని గమనించారా లేదా అన్నది ఆ ఒక్క మాటలో తెలిసిపోతుంది. ఒకసారి ఒకావిడ చదువుతుంటే, ఆ మాటకు ముందు చిన్న ఆగుడు ఆగింది. ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా వినపడింది. ఆ తర్వాత "నువ్వు" అని మిగతా వాక్యం కంటే కొంచెం తక్కువ గొంతుతో అంది. నా సూది గుడ్డలో దిగి అక్కడే ఆగిపోయింది, కింద చేత్తో పట్టుకున్న దారం చేతిలోనే ఉండిపోయింది. ఇంకోచోట ఇట్టాంటి మాటనే ఒకాయన "పాలు తెచ్చావా" అన్నంత మామూలుగా చదివేసి ముందుకెళ్లిపోయాడు. కథ చెడిపోలేదు కానీ నేను మళ్లీ ఆయన గొంతు వెతుక్కోలేదు.

నాలుగోది ఉచ్చారణ. ళ, ణ పలకనివాళ్లు ప్రేమకథ చదివితే కష్టం. "కళ్ళు" అనాల్సినచోట "కల్లు" అంటే హీరో ఆమె కళ్ళలోకి చూసినప్పుడల్లా వినేవాళ్ల మనసు కథలోంచి బయటికి వచ్చేస్తుంది, ప్రేమకథలో కళ్ళు లేని పేజీ ఉండదు కదా. శాంపిల్ వినేటప్పుడు ఈ ఒక్క మాట కోసం చెవి పెట్టండి.

ఇక డబ్బు, పక్కన ఎవరున్నారు అన్నవి ఎట్టాగూ ఉన్నాయి. ఇంగ్లీషు రొమాన్సుల్లో, ఇప్పటి తెలుగు సీరియళ్లలో కూడా, పడకగది సీన్లు దాపరికం లేకుండా ఉంటాయి. షాపులో స్పీకర్ మీద పెట్టకండి.

## ఒకే గొంతు చదివేవి

హరికథ విన్నవాళ్లకు ఇది కొత్త కాదు. ఒకే దాసుగారు సీతమ్మా ఆయనే, రావణుడూ ఆయనే, మనకు ఎక్కడా తికమక రాదు. ఒకే మనిషి నవలంతా చదవడం అట్టాంటిదే, నా ఓటు పదికి ఏడుసార్లు దీనికే.

ఇందులో బాగా చదివేవాళ్లను పట్టుకోవడానికి ఒక గుర్తు చెప్తాను. ఆడమనిషి మగ మాటలు చదివేటప్పుడు గొంతును బలవంతంగా లావు చేస్తుందా, లేక వేగం మార్చి సరిపెడుతుందా చూడండి. అనుభవం ఉన్నవాళ్లు గొంతు మార్చరు, నడక మారుస్తారు. హీరో మాటలు కొంచెం నిదానంగా, తక్కువ ఎగుడుదిగుడులతో వస్తాయి, అంతే. మనకు మగమనిషి కనిపిస్తాడు. లావు గొంతు పెట్టేవాళ్ల హీరో మొదటి గంటలోనే అలిసిపోతాడు. మగవాళ్లు చదివితే దీనికి ఎదురు చిక్కు, హీరోయిన్ మాటలన్నీ సన్నగా, గారంగా చేసేస్తారు. కోపమొచ్చిన ఆడమనిషి గొంతు సన్నబడదు, బరువెక్కుతుంది. ఆ సంగతి తెలిసి చదివిన మగవాళ్లు తగిలితే వదలొద్దు.

ఇంగ్లీషులో మొదలుపెట్టేవాళ్లకు జూలియా వీలన్ పేరు చెప్తాను. ప్రేమకథలు రాసే ఎమిలీ హెన్రీ నవలలు చాలావాటికి ఆమెదే గొంతు. వీలన్ స్వయంగా నవలలు కూడా రాస్తుంది, అందుకేనేమో వాక్యం ఎక్కడ విరగాలో ఆమెకు తెలుస్తుందనిపిస్తుంది. ఇంగ్లీషు అంతగా రానివాళ్లకు కూడా ఆమె మాట విడివిడిగా తెలుస్తుంది, మిషన్ చప్పుడులో కూడా నిలబడే గొంతు.

చదివే మనిషిని బట్టి కథ ఎంత మారుతుందో స్వయంగా తెలుసుకోవాలంటే పైసా ఖర్చు లేని దారి ఒకటుంది. జేన్ ఆస్టిన్ నవల ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ 1813లో వచ్చింది, కాపీరైటు ఎప్పుడో అయిపోయింది. లిబ్రివాక్స్‌లో స్వచ్ఛందంగా చదివేవాళ్లు దీన్ని వేరువేరు గొంతులతో పెట్టారు, అంతా ఉచితం. అందులో కారెన్ శావేజ్ చదివింది వినండి. తర్వాత డబ్బు కట్టి వినే ఆడియో పుస్తకాల యాప్ ఆడిబుల్‌లో రోజమండ్ పైక్ చదివిన దాని శాంపిల్ వినండి. ఈ నవల మీద 2005లో వచ్చిన సినిమాలో హీరోయిన్ ఎలిజబెత్ అక్క జేన్ వేషం వేసిన నటి ఈమే. మొదటి చాప్టర్ దాదాపు అంతా భార్యాభర్తల మాటలే, కాబట్టి ఇద్దరి పని ఎట్టా ఉందో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. మీకు ఓపిక ఉంటే 34వ చాప్టర్ దాకా వెళ్లండి. హీరో డార్సీ ఎలిజబెత్ దగ్గర మొదటిసారి పెళ్లి మాట ఎత్తేది అక్కడే. ఆ మాటల్లో ప్రేమ ఉంది, ఆమె కుటుంబాన్ని తక్కువ చేసే పొగరూ ఉంది. ఉత్త ప్రేమగా చదివితే ఎలిజబెత్ కోపానికి అర్థం ఉండదు, ఉత్త పొగరుగా చదివితే మనకు ఆయన మీద జాలి పుట్టదు. రెండూ ఒకే ఊపిరిలో వినపడాలి. నేను ఆ ఒక్క చాప్టర్ని మూడు గొంతుల్లో విన్నాను, మూడుసార్లూ వేరే మనిషి కనిపించాడు.

## ఇద్దరు చదివేవి

వీటిలో రెండు రకాలు, శాంపిల్ వినకపోతే తేడా తెలియదు.

ఒకటి చాప్టర్లు పంచుకునేది. ఆమె చెప్పే చాప్టర్లు ఆమె, అతను చెప్పేవి అతను చదువుతారు. అయితే అతని చాప్టర్లో వచ్చే ఆమె మాటలు కూడా అతనే చదవాలి. ఇక్కడే చిక్కు. ఆమె గొంతులో మనం ఇష్టపడ్డ అమ్మాయి అతని నోట్లో వేరే అమ్మాయి అయిపోతుంది. ఇద్దరూ కూడబలుక్కుని చదివారో లేదో ఊరిపేర్లు, మనుషుల పేర్లు పలకడంలోనే దొరికిపోతుంది. ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా పలుకుతుంటే ఎవరి గదిలో వాళ్లు చదివి పంపేశారని అర్థం. నాకు ఈ రకం మీద పెద్ద మోజు లేదు. కాకపోతే ఒకే గొడవను ఇద్దరూ ఎవరి వైపు నుంచి వాళ్లు చెప్పే కథలకు మాత్రం ఇదే సరైనది, ఒకే గొంతైతే ఇది ఎవరి చాప్టరో ప్రతిసారీ గుర్తుచేసుకోవాల్సి వస్తుంది.

రెండోది, కథ ఎవరు చెప్తున్నా సరే ఎవరి మాటలు వాళ్లే పలికేది. పుస్తకమంతా అతని మాటలు అతనివే, ఆమె మాటలు ఆమెవే. పోట్లాటలు, సరసాలు నిజంగా ఇద్దరి మధ్య జరిగినట్టుంటాయి. దీన్ని చేయడానికి ఖర్చు, శ్రమ ఎక్కువ, కాబట్టి తక్కువే దొరుకుతాయి. మగ్గం ముందు కూర్చున్నప్పుడు నాకు ఇది చాలా ఇష్టం. మిషన్ మీద మాత్రం వద్దు, రెండు గొంతుల సౌండ్ ఒకేలా లేకపోతే ఒకరి మాట వినపడి ఒకరిది పోతుంది.

## బృందమంతా ఆడేవి

మా పెద్దమ్మది ఒంగోలు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో మొదలైంది, ఆమె చిన్నతనమంతా ఆ కేంద్రం నాటకాలు వింటూ గడిచిందట. తలుపు చప్పుడు, వాన చప్పుడు, గిన్నె కిందపడ్డ చప్పుడు వింటూ సీను కళ్ళకు కట్టుకోవడం ఆ తరానికి బాగా అలవాటు. ఆమెకు నేను ఒకే గొంతు పుస్తకం పెట్టిస్తే "ఏందమ్మా, పాఠం చదివినట్టుందే" అంది. పది పన్నెండు గొంతులు, వెనక సంగీతం ఉన్నది పెట్టిస్తే పప్పు పొయ్యి మీద పెట్టి మర్చిపోయింది. రేడియో నాటకం చెవికి పట్టినవాళ్లకు ఇదే ఇవ్వండి.

నాకైతే వెనక సంగీతమే ఇబ్బంది. ఇక్కడ ఏడవాలి, ఇక్కడ పులకరించాలి అని వయొలిన్ ముందే చెప్పేస్తుంటే నా పని నన్ను చేసుకోనివ్వనట్టు ఉంటుంది. పైగా ప్రేమకథలో సగం మనసులో మాటలే కదా, నాటకంగా మార్చినప్పుడు మొదట కోసేసేది వాటినే.

ఒక్క చెవిలో పెట్టుకుని వినేవాళ్లకు ఇంకో మాట. మా మరిది అల్లూరు వైపు రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా చూస్తాడు. చెరువు నీళ్లకు గాలి అందించే ఏరేటర్ ఆగితే వెంటనే తెలియాలి కాబట్టి ఒక చెవి ఎప్పుడూ ఖాళీగా ఉంచుకుంటాడు. బృందం ఆడే కథల్లో కొన్ని గొంతులు కుడివైపు, కొన్ని ఎడమవైపు వస్తాయి, అతనికి హీరో మాటలు వినపడేవి, హీరోయిన్వి మెల్లగా ఎక్కడో వినపడేవి. ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి మోనో ఆడియో పెట్టుకుంటే రెండు వైపులవీ ఒకే చెవిలోకి వస్తాయి. అది పెట్టుకున్నాక హాయిగా వింటున్నాడు.

## రోజూ వచ్చే సీరియల్ ఎపిసోడ్లు

పాకెట్ ఎఫ్ఎం, కుకు ఎఫ్ఎం లాంటి ఆడియో యాప్‌లలో తెలుగులో దొరికేవి ఎక్కువగా ఇవి. వారపత్రికలో సీరియల్ కోసం ఎదురుచూసిన ఇళ్లల్లో పెరిగినవాళ్లకు ఆ రుచి తెలుసు. పది నిమిషాల ఎపిసోడ్, చివర్లో ఒక మలుపు. బస్సులో కావలి నుంచి నెల్లూరు చిన్నబజారుకు పూసలు, జరీ తెచ్చుకోవడానికి వెళ్లేటప్పుడు ఇవే వింటాను, ఎక్కడ ఆపినా నష్టం ఉండదు.

కానీ లెక్క వేసుకుని దిగండి. పది నిమిషాల ఎపిసోడ్లు మూడొందలు ఉంటే 50 గంటలు, అంటే ఐదు నవలలు. నేను ఒక యాప్‌లో ఇట్టాంటిదే ఒకటి పట్టుకున్నాను. మొదట్లో ఊరికే విననిచ్చారు, తర్వాత డబ్బు కట్టి తాళాలు తీసుకుంటూ వెళ్లాను. రెండొందల ఎపిసోడ్లు దాటాక ఒక పొద్దున చూస్తే చదివే గొంతే మారిపోయింది. ఒక్క మాట చెప్పలేదు. అన్నాళ్లు నాతో ఉన్న ఆ అమ్మాయి ఏమైందో తెలియదు, అదే పేరుతో వేరే అమ్మాయి మాట్లాడుతోంది. నిజంగా కళ్ళనీళ్లు తిరిగాయి. కథ ఎట్టా ముగిసిందో ఇప్పటికీ తెలియదు. అప్పట్నుంచి సీరియల్ ఏదైనా ముందు చివరి ఎపిసోడ్ వచ్చేసిందో లేదో చూస్తాను, మొదటిది, నూరోది, చివరిది ఒక్కో నిమిషం విని ఒకే గొంతని తేలాకే డబ్బు పెడతాను.

## కంప్యూటర్ గొంతు

ఇప్పుడు యూట్యూబ్‌లో మనిషి కాకుండా కంప్యూటర్ చదివిన కథలు బాగా పెరిగాయి. పట్టుకోవడం కష్టం కాదు. ఎక్కడా ఊపిరి వినపడదు. "వస్తావా" అన్న ప్రశ్నా, "వస్తాను" అన్న జవాబూ ఒకే ఎత్తులో ఉంటాయి. వార్త, వంట చిట్కా అయితే సరే. ప్రేమకథకు మాత్రం నేను ఒప్పుకోను, ఆ ఆగుడు లేనిచోట నాకు ప్రేమ వినపడదు. చూపు తగ్గి చదువుకోలేనివాళ్లకు, ఇంకెక్కడా ఆడియో లేని పుస్తకం కావాలంటే అదే దిక్కు, అప్పుడు వేగం కొంచెం తగ్గించి పెట్టుకుంటే నయం.

యూట్యూబ్‌లో మనుషులే ప్రేమగా చదివి పెట్టిన పాత నవలలు కూడా బోలెడున్నాయి. రచయితనో వాళ్ల కుటుంబాన్నో అడిగి చదివామని చెప్పేవాళ్లవి వినండి, చెప్పనివి నేను వదిలేస్తాను.

## ఒక చూపులో

| రకం | ఎప్పుడు బాగుంటుంది | ఇబ్బంది |
|---|---|---|
| ఒకే గొంతు | మిషన్ పని, వంట, పడుకునే ముందు | గొంతు నచ్చకపోతే పుస్తకం మొత్తం పోయినట్టే |
| చాప్టర్లు పంచుకునేది | ఇద్దరి వైపు నుంచి చెప్పే కథ | ఒకే మనిషి రెండు గొంతుల్లో వేరుగా వినపడటం |
| ఎవరి మాట వాళ్లదే | నిశ్శబ్దంగా కూర్చుని చేసే పని | తక్కువగా దొరుకుతాయి |
| బృందం | రేడియో నాటకం అలవాటున్నవాళ్లు | సంగీతం ఎక్కువ, మనసులో మాటలు తక్కువ |
| సీరియల్ | బస్సు, చిన్న విరామాలు | డబ్బు, గొంతు మారే ప్రమాదం |
| కంప్యూటర్ గొంతు | వేరే దారి లేనప్పుడు | ప్రేమకథకు సరిపడదు |

## మన యాస సంగతి

కథ నెల్లూరులోనో కందుకూరులోనో జరుగుతుంటే ఎంచుకోవడానికి ఇంకో కొలత కావాలి. మన యాసను చాలామంది "ఎట్టా, అట్టా, ఏంది" అని నాలుగు మాటలు వేస్తే సరిపోతుందనుకుంటారు. మాటలు ఉంటాయి, వాక్యం చివర సాగదీసే ఆ తీరు ఉండదు. "లేదుబ్బా" అన్నదాన్ని ఒక అమ్మాయి కోపంగా అనొచ్చు, బతిమాలుతూ అనొచ్చు, ప్రేమగా కసురుతూ అనొచ్చు, మూడింటికీ సాగదీత వేరు. అది రాకుండా యాస పెట్టేవాళ్లకంటే, మామూలు తెలుగులో శుభ్రంగా చదివేసేవాళ్లే మేలు. సంభాషణల్లో మాత్రమే యాస పెట్టి, కథ చెప్పేటప్పుడు మామూలు భాషలోకి వచ్చేవాళ్లు దొరికితే ఇంకా మంచిది, రచయిత పుస్తకంలో రాసుకున్నదీ చాలాసార్లు అట్టాగే ఉంటుంది.

## ఎవరికి ఏది

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒకే గొంతు చదివిన చిన్న కథలతో, రెండు మూడు గంటల్లో అయిపోయేవాటితో మొదలుపెట్టండి. తెలుగు పుస్తకాలకే పెట్టిన దాసుభాషితం యాప్‌లో మనిషి గొంతుతో చదివినవి దొరుకుతాయి, అక్కడ పాత తరం తెలుగు ఎట్టా పలకాలో చెవికి తెలుస్తుంది. ఇంగ్లీషు మెరుగుపరుచుకోవాలని వినే కాలేజీ పిల్లలకు ఆడిబుల్, లిబ్రివాక్స్ రెండూ పనికొస్తాయి. వేగం 0.9కి తగ్గించుకుని వినండి, సిగ్గేం లేదు. ఇదివరకే బాగా వినేవాళ్లు 1.25 దాకా పెంచుతారు, ప్రేమకథకు అంతకు మించి పెంచితే చదివినామె ఆగిన చోట్లన్నీ మీరు మింగేసినట్టే.

నడిపేవాళ్లు బైకు మీద వినకండి, కారైతే ఒకే గొంతు, తక్కువ సౌండ్. రాత్రి నిద్రపట్టడానికి వినేవాళ్లు ఇంతకుముందు ఒకసారి విన్న కథనే పెట్టుకుని స్లీప్ టైమర్ ఇరవై నిమిషాలకు సెట్ చేసుకోండి, కొత్త కథ పెడితే అర్ధరాత్రి దాకా లేచే ఉంటారు.

డబ్బు గురించి ఆలోచించేవాళ్లు, నెలకు రెండు పుస్తకాలు కూడా పూర్తిచేయలేమనుకుంటే నెలవారీ చందా కట్టొద్దు, ఉచితంగా దొరికేవాటితోనే ఆరు నెలలు గడిచిపోతాయి. నాలాగా రోజంతా పనిలో వినేవాళ్లకైతే చందానే చవక, ఎపిసోడ్‌కి ఇంతని కట్టే పద్ధతి మాత్రం ఎట్టా చూసినా ఖరీదు.

మా అమ్మాయి, అదే మగ్గం నేర్చుకునే పిల్ల, ఇప్పుడు ఐదోది వింటోంది. ఒకే గొంతు, చిన్న నవల. నిన్న మధ్యాహ్నం ఫ్రేమ్ అటువైపు కూర్చుని ఉన్నట్టుండి సూది ఆపి పైకి చూసింది. ఏ చోటికి వచ్చిందో నాకు తెలుసు కాబట్టి ఏమీ అడగలేదు.